ఓడ మీదికి దూకిన అద్దె కారు

వాన పడితే పెయింటు ఆరదు. పెయింటు ఆరకపోతే మా సొట్టల మేస్త్రీకి పని ఉండదు. పని లేకపోతే ఆయన నోరు ఊరుకోదు. మా వీధిలో ఇది అందరికీ తెలిసిన సంగతే. అందుకే ఆ రోజు పొద్దున్నించీ వాన వదలకుండా పడుతుంటే, నేను నా కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, పక్కనున్న టీ కొట్లో బల్ల మీద తడవని చోటు చూసుకుని కూర్చున్నాను.

మేస్త్రీ కోతలు కోస్తాడని అందరూ అంటారు. కోస్తాడు, నేను కాదనను. కానీ లారీ కింద పడి అప్పడంలా అయిపోయిన కారుని తెచ్చి ఆయన షెడ్డులో పడేస్తే, పది రోజుల్లో దాని తలుపులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. కళ్ళు మూసుకుని రేకు మీద అరచెయ్యి అలా రాస్తాడు, కంటికి కనపడని సొట్ట ఎక్కడుందో చెప్పేస్తాడు. అలాంటి చెయ్యి ఉన్నవాడికి నోరు కాస్త పెద్దదైతే మన సొమ్మేం పోయింది? ఆయన చెప్తుంటే నాకు కడుపు నిండిపోతుంది.

ఆ రోజు కొట్లో మేం నలుగురమే ఉన్నాం. మేస్త్రీ, నేను, టీ కొట్టాయన, లెక్కల మాస్టారు. మాస్టారి స్కూటరు మేస్త్రీ షెడ్డులో రంగు ఆరక పడి ఉంది, ఆయనకీ వేరే దారి లేదు.

"మేస్త్రీ, మీ అక్కగారు వచ్చారట కదా? మీ ఇద్దరికీ మాటల్లేవనుకున్నానే!" అన్నారు మాస్టారు.

"తొమ్మిదేళ్ళు లేవు మాస్టారూ. ఇప్పుడున్నాయి. ఎలా కలిశామో చెప్తే మీరు నమ్మరు."

"నమ్మం. చెప్పు."

మేస్త్రీ టీ గ్లాసు పక్కన పెట్టి, పైకి మడిచిన చొక్కా చేతులు ఇంకో మడత వేశాడు. ఆయన మడత వేశాడంటే గంట పని.

"మొదలు చాలా చిన్నది. నేనేదో ఘనకార్యం చేశానని కాదు. పరాయి దేశంలో ఒక కారు అద్దెకి తీసుకున్నాను, అంతే. డబ్బు కడితే ఎవరికైనా ఇస్తారు. కానీ దానికి ముందు మా గొడవ సంగతి చెప్పాలి. మా మేనకోడలి పెళ్ళి. పొద్దున తొమ్మిదింటికి. ఆ రోజు నా చేతిలో ఒక నల్ల కారుంది, రెండో కోటు పడుతోంది. నల్లరంగు మధ్యలో వదిలితే ఊళ్ళో దుమ్మంతా వచ్చి దాని మీదే కూర్చుంటుంది. ఇదిగో అయిపోయింది, ఇదిగో అయిపోయింది అనుకుంటూనే ఉన్నాను. నేను వెళ్ళేసరికి పిల్ల అత్తారింటికి వెళ్ళిపోయింది, కుర్చీలు ఎత్తేస్తున్నారు. మేనమామని, నేను లేకుండానే పెళ్ళయిపోయింది! మా అక్క నలుగురిలో, 'నీకు రేకులే చుట్టాలురా, మేమెందుకు?' అంది. నేను ఊరుకోవచ్చుగా? 'అయితే అలాగే అనుకో' అన్నాను. అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషిని పట్టుకుని ఆ మాటన్నాను."

ఆ కాసేపూ మేస్త్రీ గొంతులో కోత లేదు. టీ కొట్టాయన అడక్కుండానే ఇంకో టీ పోశాడు.

"సరే, అదలా ఉంచండి. పోయినేడు పెయింటు కంపెనీవాళ్ళు ఎక్కువ డబ్బాలు వాడిన మేస్త్రీలని భార్యలతో సహా విదేశం తిప్పారు కదా? మా జాబితాలో మొదటి పేరు నాదే."

"పదకొండోది" అన్నాను నేను. ఆ కాగితం నేనూ చూశాను.

"కింది నించి చూశావు నువ్వు. అక్కడ మూడో రోజు పొద్దున మా ఆవిడ నెమ్మదిగా చెప్పింది. తనూ మా అక్కా ఈ తొమ్మిదేళ్ళూ నాకు తెలియకుండా మాట్లాడుకుంటూనే ఉన్నారట! 'వదిన ఈ దేశంలోనే ఉందండీ, కొడుకు దగ్గర. ఆ అబ్బాయికి ఏదో దీవికి బదిలీ అయింది. ఈ సాయంత్రం నాలుగింటికి అందరూ ఓడెక్కి వెళ్ళిపోతున్నారు. నెలకి ఒక్కటే ఓడ. రేవు ఇక్కడికి నూట ఇరవై కిలోమీటర్లు' అంది. మా అక్కకి అరవై దాటాయి. దీవికి వెళ్ళిపోతే మళ్ళీ ఎప్పుడు చూస్తాను? అసలు చూస్తానా? టూరు బస్సు ఆ రోజు కదలదు. అప్పుడు కారు అద్దెకిచ్చే ఆఫీసుకి పరిగెత్తాం."

"లైసెన్సో?" అన్నారు మాస్టారు.

"ఇక్కడే పర్మిట్ చేయించుకుని వెళ్ళాను, మా గైడు ముందే చెప్పాడు. ఆ ఆఫీసు చూడాలి మాస్టారూ! అద్దాల గది, గోడకి వరసగా తాళాలు, వెనకాల పెద్ద ఆవరణ, వంద కార్లు, బయటికి పోయే చోట ఎత్తి దించే కర్ర. కౌంటర్లో అమ్మాయి ఒక కాగితమిచ్చింది. దాని మీద నాలుగు వేపుల నించీ కారు బొమ్మ. కారు మీద ముందే ఉన్న గీతలూ సొట్టలూ ఆ బొమ్మ మీద గుర్తు పెట్టి సంతకం చెయ్యాలి, లేకపోతే తిరిగి ఇచ్చేటప్పుడు అవి మన మీద రాస్తారు. ఎవరికిచ్చింది ఆ కాగితం? నాకు! నేను ఒక్కసారి తలుపు మీద చెయ్యి వేశాను. కళ్ళు మూశాను. 'మూడేళ్ళ క్రితం ఈ తలుపుని ఒక సైకిలు గుద్దింది. తొక్కింది పొట్టివాడు. ఆ రోజు మంగళవారం' అన్నాను."

"మంగళవారమని రేకుకెలా తెలుస్తుందయ్యా?" అన్నారు మాస్టారు.

"రేకుకి తెలియదు, నాకు తెలుస్తుంది. ఆ పిల్ల పాత రిజిస్టర్లు తీసి చూసింది. మంగళవారమే! మేనేజరు లోపల్నించి పరిగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. 'మీకు చిన్న కారివ్వడం మాకు అవమానం' అని, వాళ్ళ ప్రెసిడెంటు వస్తే ఇద్దామని దాచుకున్న కారు తాళం తీసి నా జేబులో పెట్టాడు. నిమిషంలో సంతకం, నిమిషంలో బయట. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాను నేను. ఎవరో ఒకరు అనాలి, లేకపోతే ఆయన చెప్పడు.

"ఆ కారుకి క్లచ్ లేదు! గేర్లు దానంతటవే పడతాయి. బాగానే ఉంది, కానీ నా ఎడం కాలి సంగతేంటి? ముప్ఫయ్యేళ్ళుగా క్లచ్ తొక్కిన కాలు, ఊరికే కూర్చోమంటే కూర్చుంటుందా? అస్తమానూ లేచి బ్రేకు మీద పడుతోంది. చివరికి మా ఆవిడ చున్నీ తీసి ఆ కాలిని సీటుకి కట్టేసింది. అక్కణ్ణించి చూడండి నా సామిరంగా! కారు రోడ్డు మీద ఉందో గాల్లో ఉందో తెలియలేదు. ఫోన్లో దారి చెప్పే అమ్మాయి ఉంటుంది చూడండి, ఆవిడ 'ముందు కుడి వైపు' అని నోరు తెరిచేలోపు నేను ఆ మలుపు తిరిగి, తర్వాతి రెండు మలుపులూ తిరిగి, ఊరు దాటేశాను. అరగంట తిప్పలు పడి ఆవిడ, 'బాబూ, మీరెటు వెళ్తే అదే దారి' అని ఊరుకుంది."

"ఏ భాషలో అంది?" అన్నాడు టీ కొట్టాయన.

"మన భాషలోనే. బయల్దేరినప్పుడు ఆవిడకి రాదు. నేను దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాను కదా, వినీ వినీ నేర్చుకుంది."

మాస్టారికి పొలమారింది. నేను వీపు మీద తట్టాను. మేస్త్రీ ఆగలేదు.

"మొత్తం రెండు వందల నలభై కిలోమీటర్లు..."

"ఇందాక నూట ఇరవై అన్నావు."

"పరాయి దేశం కిలోమీటర్లు మాస్టారూ, ఎండకి సాగుతాయి. ఆ రోజు ఎండ మామూలుగా లేదు. మధ్యలో పోలీసు కెమెరా ఉంది. ఎక్కువ వేగంతో వెళ్తే ఫోటో తీసి ఇంటికి పంపిస్తారు. నాకూ పంపించారు. ఫోటోలో కారు లేదు. ఖాళీ రోడ్డు! ఓ మూల మాత్రం మా ఆవిడ చున్నీ కొస కనపడుతోంది. ఇంతలో వెనక నించి పోలీసు జీపు కూతలు పెట్టుకుంటూ వచ్చేసింది. అయిపోయింది, ఇక్కడ ఆపితే ఓడ పోతుంది, అక్క పోతుంది అనుకున్నాను. జీపు నా పక్కకి వచ్చింది. చూద్దును కదా, దాని తలుపు మీద ఇంత సొట్ట! పోలీసాయన కిటికీలోంచి ఆ సొట్ట చూపించి దణ్ణం పెడుతున్నాడు. నా సంగతి ఆ ఆఫీసు నించి అప్పుడే దేశమంతా పాకిపోయింది మరి. నేను ఆపే మనిషినా? ఎడం చేత్తో స్టీరింగు, కుడి చేత్తో సుత్తి. రెండు బళ్ళూ నూట అరవైలో పోతున్నాయి. నా కిటికీలోంచి చెయ్యి జాపి ఠక్ ఠక్ ఠక్ అని మూడు దెబ్బలు. సొట్ట బయటికొచ్చేసింది."

"బయటి నించి కొడితే సొట్ట ఇంకా లోపలికి పోవాలి కదా?" అన్నారు మాస్టారు.

ఇది మంచి ప్రశ్న. నేను మేస్త్రీ వైపు భయంగా చూశాను.

"మామూలు మేస్త్రీ కొడితే పోతుంది" అన్నాడాయన. "నేను కొడితే రేకు సిగ్గుపడి తనే బయటికొస్తుంది. పోలీసాయన సెల్యూట్ కొట్టి, ముందుకెళ్ళి నాకు దారి క్లియర్ చేశాడు. కొండ దాకా వచ్చాడు పాపం. కొండ దగ్గర అసలు చిక్కు వచ్చింది. కొండలోంచి సొరంగం. సొరంగంలో ఒక పెద్ద లారీ అడ్డం తిరిగి ఇరుక్కుపోయింది. పక్కన మిగిలిన సందు ఇంత. నా కారు ఇంత. ఇటు రెండు వందల బళ్ళు హారన్లు కొడుతూ ఆగిపోయాయి. మూడున్నరయింది. మా ఆవిడ ఏడుపు మొదలెట్టింది, 'ఇంక వదినని చూడలేం' అని. నేనేం చేశానో తెలుసా?"

ఈసారి ముగ్గురం ఒకేసారి "ఏం చేశావు?" అన్నాం. మాస్టారు కూడా.

"కిందికి దిగాను. సుత్తి తీశాను. కారుని కుడి పక్కన నాలుగు అంగుళాలు, ఎడం పక్కన నాలుగు అంగుళాలు లోపలికి తట్టాను. అద్దాలు పగలకుండా, రంగు లేవకుండా! కారు సైకిలంత సన్నం అయింది. మా ఆవిడని ఊపిరి బిగపట్టమన్నాను. సర్రున దూరిపోయాం. అవతలికి వెళ్ళాక మళ్ళీ లోపలి నించి తట్టి మామూలు చేశాను. వెనకున్న రెండు వందల కార్లవాళ్ళూ 'మాకూ, మాకూ' అని అరుస్తున్నారు. తీరిక లేదు బాబూ, మా అక్క వెళ్ళిపోతోంది అన్నాను."

టీ కొట్టాయన పాలు పొంగిపోతున్నా చూడలేదు. నేను కూడా ఆ సొరంగంలోనే ఉన్నాను, నిజం చెప్పాలంటే. అంతా అబద్ధమని తెలుసు. కానీ ఆ ఓడ అందాలి అని లోపల ఒకటే ఆత్రం.

"రేవులోకి వెళ్ళేసరికి నాలుగూ ఒక్క నిమిషం. ఓడ కదిలిపోయింది! నాలుగు వందల కిలోమీటర్లు వచ్చి ఒక్క నిమిషంలో పోయింది మాస్టారూ!"

మాస్టారు నాలుగు వందల గురించి ఏమీ అనలేదు. "అయ్యో" అన్నారు, అంతే.

"గట్టుకీ ఓడకీ మధ్య ఇరవై అడుగుల నీళ్ళు. ఓడ పైన, అంచున పట్టుకునే కమ్మీ దగ్గర మా అక్క. తెల్ల జుట్టు గాలికి ఎగురుతోంది. నన్ను చూసింది. చెయ్యి ఎత్తింది. నేను 'అక్కా' అని అరిచాను. ఓడ హారన్లో కలిసిపోయింది. అప్పటికి యాభై అడుగులు. నేను కారు వెనక్కి తీశాను. ఎంత వెనక్కి? మళ్ళీ ఆ సొరంగం దాకా! ఎడం కాలి కట్టు విప్పేశాను, రెండు కాళ్ళూ ఎత్తి యాక్సిలేటరు మీద పెట్టాను. నూట అరవై, రెండు వందల నలభై, ఆ పైన ముల్లుకి చోటు లేక మొదటికొచ్చి మళ్ళీ తిరిగింది. గట్టు అంచు దాటాం. కారు గాల్లో! కింద సముద్రం! ఎగిరే కొంగ ఒకటి మా కిటికీలోకి తొంగి చూసింది. అప్పటికి ఓడ అర కిలోమీటరు దూరం. వెళ్ళి సరిగ్గా మా అక్క ముందు దిగాం. కారు మీద ఒక్క గీత లేదు. ఓడ మీద మాత్రం కాస్త సొట్ట పడింది, అది కెప్టెన్ వచ్చేలోపు నేనే తీసేశాను. తలుపు తెరుచుకుని దిగాను. తొమ్మిదేళ్ళ తర్వాత మా అక్క ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ బావురుమని నన్ను పట్టుకుని, 'తమ్ముడూ, తప్పంతా నాదేరా' అంది."

"నేనసలు ఓడెక్కితే కదరా ఆ మాటనేది?"

అందరం వెనక్కి తిరిగాం. గొడుగు ముడుస్తూ ఒక పెద్దావిడ నిలబడి ఉంది. చేతిలో మేస్త్రీ భోజనం క్యారియరు. తెల్ల జుట్టు, మేస్త్రీ ముక్కే ఆవిడకీ. వాన చప్పుడులో ఎప్పుడొచ్చిందో, ఎంతసేపు విన్నదో తెలియదు.

మేస్త్రీ చటుక్కున లేచాడు. "అక్కా, నువ్వెందుకు వచ్చావు వానలో?"

"నీ భార్య ఇంట్లో ఆరేసిన బట్టలు తీస్తోంది. కూర్చో." మా వైపు తిరిగింది. "ఓడ మీదికి దూకించాడటా కారుని? మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు. ఆ కారు ఆ రోజు ఆ ఆవరణ దాటి బయటికే రాలేదు బాబూ."

"మరి?" అన్నారు మాస్టారు, ఆవిడకి బల్ల మీద చోటిస్తూ.

"మరేముంది? ఆ పిల్ల సొట్టలు గుర్తు పెట్టమని కాగితమిచ్చింది. అందరూ రెండు గీతలు గీసి బయల్దేరతారు. వీడు ముప్ఫయ్యొకటి గుర్తు పెట్టి, చోటు చాలక ఇంకో కాగితం అడిగాడు. తర్వాత 'ఇలాంటి బండిని మనుషులకెలా ఇస్తారమ్మా' అని ఆ పిల్లని కేకలేసి, సుత్తి అడిగి తీసుకుని, కింద కూర్చున్నాడు. పదింటికి కూర్చున్నవాడు పన్నెండైనా లేవలేదు. ఆ కారయిపోయింది, పక్క కారు మొదలెట్టాడు. నా మరదలు ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది, 'వదినా, ఈయన తాళం జేబులో పెట్టుకుని కారు చుట్టూ తిరుగుతున్నారు, ఎక్కట్లేదు. మీ మొహం ఎలా చూడాలో తెలియక భయపడుతున్నారు' అని. తొమ్మిదేళ్ళ నించి నాకూ అదే భయం. అందుకే నాకు వెంటనే అర్థమైంది."

మేస్త్రీ తల వంచుకుని క్యారియరు గిన్నెలు ఒక్కొక్కటే విప్పుతున్నాడు.

"నేను అప్పటికి రేవులో లైన్లో ఉన్నాను" అంది ఆవిడ. "పెట్టెలన్నీ ఓడ లోపలికి వెళ్ళిపోయాయి. మా అబ్బాయి 'అమ్మా, ఇప్పుడు వెళ్తే ఓడ తప్పుతుంది' అన్నాడు. తప్పనీరా అన్నాను. టాక్సీ ఎక్కి వచ్చేశాను. వాళ్ళూ పెట్టెలూ వెళ్ళిపోయారు. నెల తర్వాత ఇంకో ఓడ వచ్చేదాకా మా అబ్బాయి స్నేహితుడి ఇంట్లో అరువు బట్టలు కట్టుకుని ఉన్నాను. నేను వచ్చేసరికి వీడు నేల మీద కూర్చుని తలుపు రేకు తడుతున్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడితే, తలెత్తకుండానే, 'వెలుతురికి అడ్డం, కాస్త జరగండి' అన్నాడు. నేను జరగలేదు. అప్పుడు తలెత్తి చూశాడు. సుత్తి కింద పడేసి నా కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. ఆ ఆవరణలో పనిచేసేవాళ్ళంతా చుట్టూ చేరి, ఎందుకో తెలియకుండా వాళ్ళూ కళ్ళు తుడుచుకున్నారు. తప్పంతా ఎవరిదో మాత్రం ఇద్దరం అడగలేదు."

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"మేస్త్రీ" అన్నారు, "కారుని సైకిలంత సన్నం చేశావంటే నమ్మాను. ఓడ మీదికి దూకించావంటే కూడా, ఏదో, నమ్మాను. నీలాంటివాడి కోసం ఈవిడ ఓడ వదులుకుని వచ్చిందంటే మాత్రం నమ్మలేకపోతున్నానయ్యా."

మేస్త్రీ గిన్నెలు వదిలేసి అక్క వైపు చూశాడు.

"నాకే ఇంకా నమ్మకం కుదర్లేదు మాస్టారూ" అన్నాడు. "అందుకే ఎవరడిగినా ఆ దూకిన కథే చెప్తున్నాను."